పండుగ పైసల గురించి మనవళ్లకు, మనవరాళ్లకు

నల్లగొండ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ, మీ నానమ్మా క్షేమం. మీలో కొందరు ఇంకా హాస్టల్లో ఉండి చదువుతున్నారు, ఒకరిద్దరు కొత్తగా జీతం అందుకుంటున్నారు. ఈపాటికి అందరి ఫోన్లలోనూ ఆఫర్ల మోత మొదలై ఉంటుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిదో రోజు సద్దులు, ఆ వెనకే దసరా, మరో ఇరవై రోజులకు దీపావళి. చేతిలో పైసలు నిలవని నెల ఇది. అందుకే పండుగ ఇంకా రాకముందే రాస్తున్నాను.

పండుగకు ఖర్చు పెట్టడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. పెట్టాలి కూడా. నా బాధంతా పండుగకు చేసే అప్పు గురించే. ఇంట్లో రోగమొస్తే, వానలు ఎగ్గొడితే అప్పు చేయక తప్పదు. అవి చెప్పి రావు. దసరా ఎప్పుడొస్తుందో ఉగాదికి పంచాంగం ఇంటికి తెచ్చిన రోజే తెలుస్తుంది. ఆరు నెలల ముందు తెలిసినదానికి అప్పెందుకు?

మీకు శాతాల లెక్క వచ్చు, నాకు నూటికి ఇన్ని రూపాయల మిత్తి, అంటే వడ్డీ, అనే లెక్క అలవాటు. ఊళ్లో ఎవరైనా నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారని తెలిస్తే, 'ఎట్ల తీరుస్తడో పాపం' అనుకునేవాళ్లం. క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టకపోతే చాలా కార్డుల మీద పడే మిత్తి ఆ మూడు రూపాయలకు పైమాటే. కాగితం మీద వేసి చూడండి. దసరాకు కార్డు మీద 20,000 రూపాయల సామాను కొన్నారు. బిల్లు వచ్చింది. అంత లేక, 'మినిమమ్ డ్యూ' అని, అంటే కనీసం ఇంతైనా కట్టాలని చూపించిన 1,000 కట్టి, టెన్షన్ తీరిందనుకున్నారు. మిత్తి మూడున్నర రూపాయలు అనుకుందాం. నెలకు 700. ఆ మిత్తి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, 126. మొత్తం 826. మీరు కట్టిన వెయ్యిలో అసలుకు జమ అయ్యేది 174 రూపాయలే! ఆ బాకీ తీరేదాకా కార్డు మీద కొత్తగా ఏది కొన్నా దానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. కార్డు వాడితే బిల్లు మొత్తం కట్టగలిగినంతే వాడండి. కట్టలేమని అనుమానం ఉంటే దాన్ని ఇంట్లో పెట్టి బజారుకు వెళ్లండి.

'నో కాస్ట్ ఈఎంఐ' అని ఒకటి ఉంది, వడ్డీ లేకుండా నెలనెలా వాయిదాల్లో కట్టుకోవచ్చంటారు. వినడానికి బాగుంటుంది. సున్నా వడ్డీ అనేదే లేదని 2013లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీని ఎవరో ఒకరు భరించాల్సిందే. కొన్నిచోట్ల అది మీకు రావలసిన డిస్కౌంట్‌లోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ వేరుగా పడవచ్చు. ఫోన్ కొనేముందు 'మొత్తం ఇప్పుడే ఇస్తే ఎంతకిస్తారు?' అని షాపులో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక చేయాల్సింది చెబుతాను. పెత్రమాసకు ముందే మీ దగ్గర పండుగకని ఉన్నదెంతో ఒక కాగితం మీద రాసుకోండి. కొనాలనుకున్న వస్తువుల ధరలు కాదు, ఉన్న పైసలు. అందులోంచి ముందు ఊరికి రానుపోను ఛార్జీలు తీసి పక్కన పెట్టండి. పండుగ రోజుల్లో స్పెషల్ బస్సు టికెట్టు మామూలు కంటే ఎక్కువ ఉంటుంది, ఆ తేడా కూడా కలుపుకోండి. మిగిలినది వేరే ఖాతాలో వేసి, ఫోన్‌లో చెల్లింపులకు ఆ ఖాతా ఒక్కటే ఉంచండి. స్కాన్ చేసేటప్పుడు ఎంత పోతోందో వేలికి తెలియదు. ఖాతాలో లేకపోతే పోదు కదా. ఇంకో మాట. మీకు డబ్బు రావడానికి ఎప్పుడూ పిన్ కొట్టనక్కర్లేదు. బహుమతి వచ్చింది, పిన్ కొట్టమన్నారంటే అది మోసం. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

బతుకమ్మకు అసలు పైసలతో పనే తక్కువ. తంగేడు, గునుగు చెలకల్లో, గట్ల మీద వాటంతట అవే పూస్తాయి. మీ నానమ్మ ఇప్పటికీ గునుగు కొసలు సమంగా కోసి, రంగునీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి, వరుసకో రంగు పేరుస్తుంది. పట్నంలో ఉన్న మీకు ఏరుకొచ్చే వీలు లేకపోతే కొనండి. ఆ కట్టలు అమ్మేవాళ్లు తెల్లవారకముందే చేనుకు పోయి కోసి, మోసుకొచ్చినవాళ్లు. పెద్ద షాపులో నోరు మెదపకుండా బిల్లు కట్టి, వాళ్ల దగ్గర పది రూపాయలకు బేరమాడకండి. అలాగే దసరా ఇనాం. వీధి ఊడ్చేవాళ్లకు, మీ హాస్టల్ వాచ్‌మన్‌కు, వంటవాళ్లకు ఇచ్చేది కొత్త చొక్కా మానుకునైనా ఇవ్వండి. ఈ ఒక్క పద్దులో మాత్రం కోత పెట్టవద్దు.

బట్టలు నాలుగు జతలకు బదులు ఒక్కటి కొనండి, అది బాగుండాలి. మన పక్కనే పోచంపల్లి ఉంది, పాలమూరు వైపు గద్వాల, నారాయణపేట ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్ అయితే తిరగేసి చూడండి. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి అసలుదాంట్లో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన బట్టకు వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది.

మటన్ మాట మాకు వదిలేయండి. ఎప్పటిలాగే ఈసారి కూడా మన వాడకట్టు వాళ్లంతా కలిసి ఒక యాటను తెచ్చి పోగులు వేసుకుంటున్నాం. మీరు వచ్చేటప్పుడు స్వీటు డబ్బాలు కొనకండి, మీ నానమ్మకు షుగరు, నాకు పళ్లు లేవు. జమ్మికి పోయే వేళకు అందరూ ఇంట్లో ఉండేలా టికెట్లు ఇప్పుడే చూసుకోండి. కాగితం మీద ఎంత రాసుకున్నారో ఈ వారంలోగా నాకు ఫోన్ చేసి చెప్పండి. ఎవరికైనా ఇప్పటికే కార్డు బాకీ ఉంటే అది కూడా చెప్పండి. కోప్పడను. కూర్చుని లెక్క చూద్దాం.

ఇట్లు,
మీ తాత