ఎడారి మొక్కల సారాలు: వలయం కొలిస్తే సరిపోతుందా?

మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగేకొద్దీ పరిశోధకుల చూపు మళ్లీ మొక్కల మీద పడుతోంది. ఎడారి మొక్కలంటే ఆశ మరీ ఎక్కువ. నీరు కరువై, ఎండ మండిపోయే చోట కదలలేని మొక్క పశువుల నుంచి, పురుగుల నుంచి, బూజు నుంచి తనను తాను చాలావరకు రసాయనాలతోనే కాపాడుకోవాలి. థార్ ఎడారి మొక్కల సారాలను మన విశ్వవిద్యాలయాలు ఎన్నో ఏళ్లుగా పరీక్షిస్తున్నాయి. ‘ఫలితాలు ఆశాజనకం’ అన్న మాట తరచూ వింటాం. అయినా మందుల దుకాణం దాకా వచ్చినవి దాదాపు కనిపించవు. అందుకు కారణాల్లో ఒకటి పరీక్ష చరిత్రలోనే ఉంది.

ప్రపంచమంతా పెనిసిలిన్ వైపు చూస్తున్న 1943లో బ్రిటన్‌లో ఆస్‌బార్న్ సుమారు 2300 జాతుల మొక్కలను స్టఫైలోకాకస్ ఆరియస్, ఇ.కోలై బ్యాక్టీరియాల మీద పరీక్షించారు. తర్వాత 1966లో బాయర్, కిర్బీ బృందం మందు బ్యాక్టీరియాను ఆపుతుందో లేదో చూసే కాగితపు బిళ్ల పద్ధతికి కచ్చితమైన కొలతలు ఏర్పరిచింది. అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద బ్యాక్టీరియాను పరిచి, మందు ఇంకిన బిళ్లను దానిపై పెడతారు. మందు చుట్టూ పాకినంత మేర బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడుతుంది.

ఆ కొలతలు ఆసుపత్రుల్లో వాడే శుద్ధమైన యాంటీబయాటిక్‌ల కోసం చేసినవి. మొక్క సారం అలాంటిది కాదు. అందులోని నూనె స్వభావం గల పదార్థాలు నీటితో నిండిన అగార్‌లో సరిగా పాకవు. అందుకే బలమైన పదార్థానికి చిన్న వలయం, నీటిలో ఇట్టే కరిగే బలహీన పదార్థానికి పెద్ద వలయం రావచ్చు. 18 మి.మీ. వలయం ఇచ్చిన సారం 11 మి.మీ. ఇచ్చినదానికన్నా మేలని దీన్నిబట్టి చెప్పడం తప్పు.

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త ఎలాఫ్ 1998లో చిన్న చిన్న గుంటలున్న పలక మీద సారాన్ని సగానికి సగం పలుచన చేస్తూ, బ్యాక్టీరియాను ఆపే కనీస మోతాదును కొలిచే పద్ధతి ప్రతిపాదించారు. గుంటల్లో ఒక సూచక రసాయనం కలిపితే, బ్యాక్టీరియా బతికి ఉన్న గుంట ఎర్రబడుతుంది. మి.లీ.కు 1 మి.గ్రా. దాటితే గానీ పనిచేయని సారాన్ని లెక్కలోకి తీసుకోవద్దని 2005లో రియోస్, రెసియో సూచించారు. ఈ హద్దు పాటించి ఉంటే ఎన్నో ‘ఆశాజనక’ ఫలితాలు అచ్చయ్యేవి కావు.

ఇంకో పొరపాటు పరీక్షకు ముందే జరుగుతుంది. అరేబియా, రాజస్థాన్ ఎడారుల్లో మిస్వాక్ పళ్లపుల్లలు ఇచ్చే చెట్టు మనకు గున్నంగి, వరగోగు పేర్లతో తెలిసినదే. 2008లో సోఫ్రాటా బృందం దాని సారం తీయలేదు. పుల్ల ముక్కలనే కొన్ని అగార్‌లో గుచ్చింది, కొన్నిటిని అగార్‌కు తగలకుండా పైన వేలాడదీసింది. వేలాడదీసినవి గుచ్చినవాటికి దీటుగా, కొన్నిచోట్ల అంతకన్నా బాగా పనిచేశాయి. అంటే పనిచేసే పదార్థం గాలిలోకి ఆవిరయ్యేది. ఈ పుల్లలు తీసే వేళ్లలో అది ప్రధానంగా బెంజైల్ ఐసోథయోసయనేట్ అని 2011లో అదే బృందం తేల్చింది. బొప్పాయి గింజల ఘాటు కూడా దీనిదే. వేరును ఎండబెట్టి, పొడిచేసి, సారం తీయడానికి వాడిన ద్రావణిని వేడిమీద ఆవిరి చేస్తే ఇలాంటి పదార్థం సీసాలో ఎంత మిగులుతుంది? తరతరాలుగా జనం పచ్చి పుల్లనే నమిలారన్న సంగతి పరీక్ష రూపొందించేటప్పుడే గుర్తుండాలి.

సూక్ష్మజీవిని చంపితే సరిపోదు, మనిషికి హాని చేయకూడదు. అమెరికా ఎడారుల క్రియోసోట్ పొద ఆకును అక్కడి తోహోనో ఓధామ్ ప్రజలు ఔషధంగా వాడతారు. ఆ ఆకుతో మాత్రలు చేసి అమ్మాక కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడి, 1992లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది.

వలయాన్నే నమ్మితే ఇంకో చిక్కు కూడా ఉంది. నైరుతి అమెరికాలో పెరిగే ఫ్రెమాంట్ బార్బెర్రీ పొదలో, మన మానుపసుపులోనూ ఉండే బెర్బరిన్ ఉంది. బ్యాక్టీరియాను ఆపగల ఈ పదార్థాన్ని స్టఫైలోకాకస్ తన కణపొరలో పంపులా పనిచేసే ప్రొటీన్‌తో బయటికి తోడేస్తుంది. 2000లో స్టెర్మిట్జ్, లూయిస్ బృందం బార్బెర్రీ జాతుల్లోనే ఆ పంపును అడ్డుకునే పదార్థాన్ని కనుగొంది. కుష్ఠు రోగులకు ఒకప్పుడు వాడిన చాల్మోగ్రా నూనెలోనూ అది కొద్దిగా ఉంటుంది. విడిగా పరీక్షిస్తే, పంపును అడ్డుకునే ఆ పదార్థానికి బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. సారాన్ని విడగొట్టి, ఒక్కో భాగానికి వలయం చూసి, రానిదాన్ని పారేసే పద్ధతిలో దాన్ని ఎవరూ పట్టుకోగలిగేవారు కాదు.