ముందు ఇళ్లు చూడండి, గుడ్ల సంగతి తర్వాత

చిన్నా, బుజ్జీ,

మీ మెయిల్ చదివాను. మీ ఆడ లెపర్డ్ గెకోకి, అదే మీరు పెంచుకునే మచ్చల బల్లికి, ఏడాది నిండిందని, బుజ్జి స్నేహితుడు తన మగ గెకోని కొన్నాళ్లు ఇస్తానన్నాడని, పిల్లలు పుడితే తీసుకోవడానికి క్లాసులో ఆరుగురు రెడీగా ఉన్నారని రాశారు. కింద మీ అమ్మ ఒక వాక్యం తగిలించింది: "నాన్నా, నా మాట వినట్లేదు, మీరే చెప్పండి." చెప్తాను. కాస్త పొడుగు ఉత్తరమే. తెలుగు ఎక్కడైనా అర్థం కాకపోతే అమ్మనే అడగండి.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ముందుగా లెక్కలేసుకునేవాళ్లని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. గెకోల విషయంలో మాత్రం ఆ సోమలింగం పనే చేయాలి. జత కలపకముందే ఏ పిల్ల ఏ ఇంటికి వెళ్తుందో పేరుపేరునా రాసి పెట్టుకోవాలి.

మీరు ఆరు అనుకుంటున్నారు. ఆడ గెకో ఒక విడతకి మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, కానీ ఒక్క విడతతో ఊరుకోదు. సీజన్‌లో ఐదారు విడతలు పెట్టడం మామూలే, కొన్ని అంతకంటే ఎక్కువే పెడతాయి. మగదాన్ని తిరిగి ఇచ్చేస్తే ఆగుతుందా అంటే ఆగదు. ఒకసారి జత కట్టాక మగదాని వీర్యాన్ని ఒంట్లోనే దాచుకుని నెలల తరబడి పొదగడానికి పనికొచ్చే గుడ్లు పెడుతూనే ఉంటుంది. అంటే మీ లెక్క పది, పన్నెండు దగ్గర మొదలుపెట్టాలి. అవన్నీ ఒకే పెట్టెలో కలిసి పెరగవు. ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి, బలమైనది తిండంతా తినేస్తుంది, బలహీనమైనది మూల నక్కి చిక్కిపోతుంది. ఒక్కోదానికి ఒక పెట్టె, వేడి, దాక్కోవడానికి తడి గూడు, నీళ్ల గిన్నె కావాలి. ఇవన్నీ మీ గదిలో ఎక్కడ పెడతారో టేపు పట్టుకుని కొలిచి చూడండి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది, మీ ఇద్దరికీ నచ్చుతుంది. లెపర్డ్ గెకోల్లో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగిన వేడి మీద ఆధారపడుతుంది. 26, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవే. 32, 33 దగ్గర ఎక్కువగా మగవి. 35కి దగ్గరయ్యేకొద్దీ మళ్లీ ఆడవే ఎక్కువ. ఆ వేడికి స్వభావం కూడా మారుతుందని మా ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలోనే పరిశోధనలు జరిగాయి. ఎక్కువ వేడిలో పుట్టిన ఆడవి మిగతా ఆడవాటికంటే దుడుకుగా ఉంటాయట. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంక్యుబేటర్ థర్మోస్టాట్ మీద మీరు పెట్టే అంకె కూడా ఇళ్ల లెక్కే. రెండు మగవాటిని ఒకచోట ఉంచితే రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి. అప్పటికే ఇంట్లో ఒక మగ గెకో ఉన్నవాళ్లు ఇంకో మగదానికి ఇంకో ట్యాంకు కొనాలి. ఎవరు దేన్ని పెంచగలరో తెలియకుండా ఆ అంకె ఎలా నిర్ణయిస్తారు?

ఇప్పుడు ఆ ఆరుగురి సంగతి. క్లాసులో "నాకు కావాలి" అని చెయ్యెత్తితే ఇల్లు దొరికినట్టు కాదు. వాళ్ల అమ్మానాన్నలు మీ అమ్మతో ఫోన్లో సరే అనాలి, ట్యాంకు ముందే కొని వేడి సెట్ చేసి ఫోటో పంపాలి. అప్పుడు దాన్ని ఒక ఇల్లని లెక్కేస్తాను. పిల్ల ధర కంటే దాని ట్యాంకు, హీటు, డాక్టరు ఖర్చే ఎక్కువని వాళ్లకి ముందే తెలియాలి.

మనవాళ్ల ఇళ్లయితే ఇంకో ప్రశ్న తప్పదు. గెకో ఆకులు, పళ్లు తినదు. బతికున్న పురుగులే దాని తిండి. మీల్‌వార్మ్స్ అనే పురుగుల డబ్బాని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాలి, క్రికెట్స్, అంటే కీచురాళ్లు, రాత్రంతా కీచుమంటాయి. శాకాహారం ఇంట్లో, అందులోనూ ఇండియా నుంచి నాయనమ్మ ఆరు నెలలకి వచ్చినప్పుడు, ఇది చిన్న గొడవ కాదు. ఆవిడకి బల్లి మీద పడితే ఏ ఫలితమో కూడా కంఠతా వచ్చి ఉంటుంది! ముందే అడిగితే "మావల్ల కాదు" అని నవ్వుతూ చెప్పేస్తారు. తర్వాత తెలిస్తే గెకోని గ్యారేజీలో పెడతారు. టెక్సాస్ ఎండకో, మీ న్యూజెర్సీ చలికో గ్యారేజీలో అది ఏమవుతుందో మీరే ఊహించుకోండి. వేసవిలో ఆరు వారాలు హైదరాబాద్ వెళ్తే ఎవరు చూస్తారో అడగండి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నారా అని కూడా అడగండి. పాకే జంతువుల ఒంటి మీద జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు, అంత చిన్నపిల్లలు వాటిని ముట్టుకోకూడదని అమెరికా ఆరోగ్యశాఖవాళ్లే చెప్తారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న వయసు. బాగా చూసుకుంటే ఇది 15, 20 ఏళ్లు బతుకుతుంది. మీ క్లాసువాళ్లకి ఇప్పుడు పన్నెండేళ్లు. కాలేజీ హాస్టల్‌కి వెళ్లే రోజున దాని వయసు ఆరే. అప్పుడు అమ్మో నాన్నో పురుగులు వెయ్యాలి, వాళ్లు ఒప్పుకున్నారా?

మిగిలినవాటిని పెట్ షాపుకి ఇచ్చేద్దామని రాశారు. చాలా షాపులకి పెద్ద పెంపకందారుల నుంచే సరుకు వస్తుంది, తలుపు తట్టిన పిల్లల దగ్గర కొనరు. రెస్క్యూలకి ఇవ్వాలనే ఆలోచనతో మొదలుపెట్టడం నాకు అసలు నచ్చదు. అవి ఎవరో వదిలేసినవాటికి చోటు, మనం కావాలని పుట్టించినవాటికి కాదు. బయట వదిలెయ్యడం మాత్రం ఎప్పుడూ, ఎక్కడా వద్దు. అలాగే ఇండియా వెళ్లినప్పుడు అడవి గెకోని పట్టి చూపించమని మీ బావని అడగొద్దు. మన విశాఖపట్నంలో దొరికిన లెపర్డ్ గెకో జాతికి శాస్త్రవేత్తలు 2022లోనే పేరు పెట్టారు. ఈ గెకోలకి విషం లేదు, అయినా విషమనుకుని కొట్టి చంపేస్తుంటారు. మీ బావకి ఆ సంగతి చెప్పండి, అది చాలు.

మగ గెకో ఏ రంగుదో మీరు రాయలేదు. అది లెమన్ ఫ్రాస్ట్ అయితే ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం. ఆ రంగునిచ్చే జన్యువే చర్మం మీద కణుతులు తెస్తుందని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్లు 2021లో ప్రచురించారు. ఆ రంగువాటిలో 80 శాతానికి పైగా కణుతులొస్తాయి. ఎనిగ్మా అనే రకమైనా వద్దు. వాటిలో చాలావాటికి తల వాలిపోయి, గుండ్రంగా తిరుగుతూ, పురుగుని సరిగ్గా పట్టుకోలేని జబ్బు ఉంటుంది. అలాంటి పిల్లని ఒక స్నేహితుడికి ఇవ్వడం వాడికీ దానికీ అన్యాయం.

ఇంకో మాట మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఎన్ని ఇళ్లు పక్కా అయితే అన్ని గుడ్లే పొదగండి. మిగతావి పెట్టిన రోజో, మర్నాడో ఫ్రీజర్‌లో పెట్టెయ్యాలి. అప్పటికి లోపల పిల్ల ఇంకా తొలి దశలోనే ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ పని చెయ్యకూడదు, అప్పుడది మీ పిల్లే. మీకు చెయ్యి రాకపోతే నాన్న చేస్తాడు. ఎవరూ చెయ్యలేమంటే జత కట్టించడం మానేయండి, నాకేం బాధ లేదు.

ఉంచుకున్న గుడ్లకి పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, తిప్పకండి. కోడిగుడ్లలా వీటిని తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. పుట్టిన పిల్లని వెంటనే ఇచ్చేయొద్దు. కనీసం 6 నుంచి 8 వారాలు మీ దగ్గరే ఉండి, సొంతంగా బాగా తింటూ, బరువు పెరుగుతూ ఉండాలి. ఏం తింటుందో, కాల్షియం పొడి ఎప్పుడు చల్లుతున్నారో కాగితం మీద రాసివ్వండి. చివర్లో "ఎప్పుడు వద్దనుకున్నా మాకే తిరిగివ్వండి" అని రాయండి. అలా రాయాలంటే మీ ఇంట్లో ఎప్పుడూ ఒకటి రెండు ఖాళీ పెట్టెలు ఉండాలి.

ఈ ఆదివారం ఫోన్ చేసే ముందు మీ ఆడదాన్ని వంటింటి స్కేలు మీద తూచండి, స్కేలు తర్వాత సబ్బుతో కడగండి. 45, 50 గ్రాములు లేకపోతే ఈ ఏడు దానికి గుడ్ల భారం వద్దు. గుడ్డు లోపల ఇరుక్కుని చచ్చిపోయే ప్రమాదం ఉంది. బరువు సరిపోతే, ఎవరెవరి అమ్మానాన్నలు ఒప్పుకున్నారో ఆ పేర్లు చదివి వినిపించండి.

మీ తాతయ్య