మూడు వందల్లో ఒక వంతు

నోటితో మింగిన మార్ఫిన్ 300 మిల్లీగ్రాములు చేసే పనిని, అదే మందు వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా చేరితే దాదాపు 1 మిల్లీగ్రామే చేసేస్తుంది. నొప్పి వైద్యంలో డాక్టర్లు వాడుకునే ఉజ్జాయింపు లెక్క ఇది. ఒంట్లో అమర్చి వెన్నుద్రవంలోకి మందు పంపే పంపుల వెనకున్నదీ ఇదే. మనిషిని బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా మొదటిసారి చదివినప్పుడు ఎక్కడో ఒక సున్నా ఎక్కువ పడిందేమో అనుకున్నాను.

మరి మిగతా 299 ఏమైపోతున్నట్టు? మాత్ర పేగుల్లోంచి ముందు కాలేయానికి చేరుతుంది, చాలా భాగం అక్కడే మారిపోతుంది. తప్పించుకున్నది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. రక్తానికీ నాడీమండలానికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంది, దాన్ని మార్ఫిన్ అంత తేలిగ్గా దాటలేదు. ఒక్క మొక్క కోసం పొలమంతా నీళ్లు పెట్టినట్టన్నమాట. పైగా తడిసిన చోటల్లా కలుపు మొలుస్తుంది: పేగుల్లో మలబద్ధకం, మెదడులో మగత, ఆగని వికారం. నొప్పి తగ్గేదాకా డోస్ పెంచుదామంటే ఈలోగా ఇవే మనిషిని మంచానికి అంటిస్తాయి.

కాలి నుంచో నడుము నుంచో బయల్దేరిన నొప్పి సంకేతం నేరుగా మెదడుకు పోదు. వెన్నుపాము వెనుక వైపు ఒక మజిలీ చేస్తుంది. అక్కడ ఒక నాడీకణం ఇంకో కణానికి కబురు అందిస్తేనే నొప్పి పైకి వెళ్తుంది. మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మందులు అతుక్కునే గ్రాహకాలు శరీరంలో ఉన్నాయని 1973లో తేలింది. 1976లో టోనీ యాక్ష్, థామస్ రూడీ అనే పరిశోధకులు ఎలుకల వెన్నుద్రవంలోకి నేరుగా మార్ఫిన్ ఎక్కించి, ఆ మజిలీలోనే నొప్పిని ఆపవచ్చని చూపించారు. 1979 నాటికి క్యాన్సర్ రోగుల్లోనూ ఇదే పని చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఒంట్లో అమర్చే పంపులు వచ్చాయి.

నిజానికి వెన్నులోకి మందు ఎక్కించడం అంతకు చాలా ముందునుంచే ఉంది. 1898లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బీర్, తన సహాయకుడి వెన్నులోకి కొకైన్ ఎక్కించి, అతని కాళ్ల మీద సుత్తితో కొట్టి, చుట్టతో కాల్చి మరీ నొప్పి తెలుస్తోందా అని పరీక్షించాడు. తెలియలేదు. మర్నాటి నుంచి మాత్రం ఇద్దరికీ తల పగిలిపోయే నొప్పి. అంతకుముందు బీర్ తన మీదే ప్రయోగం చేయించుకోబోయినప్పుడు సూది సరిగా అమరక వెన్నుద్రవం చాలా కారిపోయింది. ద్రవం కారితే వచ్చే ఆ తలనొప్పి, పంపు అమర్చిన కొందరిలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పంపు అరచేతిలో ఇమిడే గుండ్రటి లోహపు డబ్బీ. పొట్ట చర్మం కింద చిన్న సంచిలాంటి చోటు చేసి అందులో పెడతారు. దాన్నుంచి సన్నటి గొట్టం, అంటే క్యాథటర్, చర్మం కిందుగా వీపు వైపు తిరిగి వెన్నుద్రవంలోకి చేరుతుంది. డబ్బీలో 20 లేదా 40 మిల్లీలీటర్ల మందు పడుతుంది. బాగా వాడుకలో ఉన్న రకంలో చిన్న రోలర్లు గొట్టాన్ని నొక్కుతూ చుక్క చుక్కగా మందును నెడతాయి. ఎంత వేగంతో నెట్టాలో బయటి నుంచి కంప్యూటర్‌తో మార్చవచ్చు. అమర్చే ముందు తాత్కాలికంగా వెన్నులోకి మందు ఇచ్చి ఉపశమనం ఉందో లేదో చూస్తారు. కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోతే, పంపు మార్చడానికి మళ్లీ ఆపరేషన్ తప్పదు.

ఎవరికి పెట్టాలన్న దగ్గరే అసలు వాదన. సుమారు 200 మంది క్యాన్సర్ రోగులతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పంపు ఉన్నవాళ్లకు నొప్పి కాస్త మెరుగ్గా తగ్గింది. మందుల దుష్ప్రభావాలైతే బాగా తగ్గాయి. క్యాన్సర్ కాని దీర్ఘకాలిక నొప్పుల్లో ఆధారం ఇంత గట్టిగా లేదు. ఏళ్ల తరబడి వాడితే డోస్ మెల్లగా పెరుగుతూ పోవడమూ మామూలే. అన్ని దారులూ మూసుకుపోయాకే దీని జోలికి వెళ్లాలన్న డాక్టర్ల పక్షమే నాది.

ఈ పంపుల్లోకి వెళ్లే ఇంకో మందు పుట్టిల్లు సముద్రం. కోనస్ మేగస్ అనే నత్త విషపు ముల్లుతో చేపల్ని కదలకుండా చేసి తినేస్తుంది. యూటా విశ్వవిద్యాలయంలో బాల్డొమెరో ఒలివెరా బృందం ఆ విషంలోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ బృందంలో అప్పటికి కుర్రవాడైన మైకేల్ మెకింటాష్ చేతికి దొరికిందే తర్వాత జికొనొటైడ్ అయింది. నొప్పి కబురు అందించే నాడీకణపు కొసలో కాల్షియం లోపలికి వచ్చే దారిని ఇది మూసేస్తుంది, దాంతో కబురు ఆగిపోతుంది. అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. మార్ఫిన్‌లా అలవాటు పడే బాధ లేదు, కానీ రోజుకు 2.4 మైక్రోగ్రాములకు మించకుండా మొదలుపెట్టాలి. తొందరపడి పెంచితే తికమక, భ్రమలు వస్తాయి. వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక జబ్బు (సైకోసిస్) చరిత్ర ఉంటే ఇవ్వరు.

ఇంత తక్కువ మందుతో పని జరగడం వరమే. కానీ ఆ తక్కువలో చిన్న తేడా కూడా పెద్ద ప్రమాదమే. గాఢమైన మార్ఫిన్ ఏళ్ల తరబడి ఒకేచోట కారుతుంటే క్యాథటర్ కొస దగ్గర గడ్డ కట్టి వెన్నుపామును నొక్కవచ్చు. అందుకే కాళ్లలో కొత్తగా బలహీనత కనిపిస్తే టెన్షన్ పడాల్సిందే. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్ ఉన్న పంపు హఠాత్తుగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. ఎమ్మారై అయస్కాంతం ముందు కొన్ని పంపులు తాత్కాలికంగా ఆగుతాయి, స్కాన్ అయ్యాక మళ్లీ తిరుగుతున్నాయో లేదో చూడాలి.

అన్నిటికన్నా భయపెట్టేది మామూలుగా జరిగే రీఫిల్. కొన్ని వారాలకో నెలలకో ఒకసారి చర్మం మీంచి సూది గుచ్చి, పంపు మధ్యలోని రబ్బరు మూత గుండా మందు నింపుతారు. సూది పక్కకు జారితే వారాలకు సరిపడే మందు ఒక్కసారిగా చర్మం కింద పడుతుంది. అందుకే కొత్త మందు ఎక్కించే ముందు పాత మందు మొత్తం బయటికి లాగుతారు. ఇంత మిగిలి ఉండాలని కంప్యూటర్ ఒక అంకె చూపిస్తుంది. సిరంజిలోకి వచ్చింది దానికన్నా బాగా ఎక్కువైనా, తక్కువైనా, రీఫిల్ అక్కడితో ఆపి కారణం వెతకడం మొదలుపెడతారు.