లక్ష మంది మధ్య మీ నానమ్మా, నేనూ

గుంటూరు

బుజ్జీ, చిన్నా,

"తాతయ్యా, మీరిద్దరూ నిజంగానే కోల్డ్‌ప్లే కచేరీకి వెళ్లారా? ఎలా ఉంది?" అని ఫోన్లో అడిగారు కదా. ఫోన్లో మీ మాటలు నాకు సగమే అందుతాయి, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆ సగం ఎందుకు అందవో కూడా ఇందులోనే చెబుతాను.

వెళ్లాలన్నది మీ నానమ్మ కోరిక. కోల్డ్‌ప్లే అనే ఆ బ్రిటిష్ పాటల బృందాన్ని టీవీలో చూసి, "అంతమంది ఒకేసారి పాడుతుంటే ఆ మధ్యలో ఒక్కసారి నిలబడాలనుందండీ" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ బాబాయి టికెట్లు తీశాడు. పులిహోర కట్టుకుని విజయవాడలో నవజీవన్ రైలు ఎక్కాం. 2025 జనవరి 25, శనివారం సాయంత్రానికి అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో ఉన్నాం. 1,32,000 మంది కూర్చునే క్రికెట్ మైదానం అది. ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదు.

లోపలికి వెళ్లేటప్పుడు అందరి చేతికీ ఒక పట్టీ ఇచ్చారు. చీకటి పడ్డాక అవన్నీ ఒక్కసారిగా ఎర్రగా వెలిగాయి, మరుక్షణం నీలంగా మారాయి. వాటికి మనం నొక్కే స్విచ్ ఏదీ ఉండదు. వాళ్లు పంపే సిగ్నల్‌ను బట్టి అవే వెలుగుతాయి. మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేస్తారట, కచేరీ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. కార్తీక పౌర్ణమికి కృష్ణలో వదిలిన దీపాలన్నీ లేచి మన చుట్టూ నిలబడ్డట్టు ఉంది. మీ నానమ్మ తన చెయ్యి తనే చూసుకుంటూ ఉండిపోయింది. నేను ఆమెను చూస్తూ ఉండిపోయాను.

వేదిక మాకు చాలా దూరం. చిన్నప్పుడు సీతానగరం రేవులో నేను చూసింది అక్కడ గుర్తొచ్చింది. దూరంగా ఒకాయన బట్టను బండకేసి కొట్టేవాడు. బట్ట మళ్లీ పైకి లేస్తున్నప్పుడు చప్పుడు వినిపించేది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది మరి. వంద మీటర్ల దూరంలో డప్పు మీద దెబ్బ పడితే మన దాకా రావడానికి దాదాపు మూడో వంతు సెకను పడుతుంది. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యమధ్య స్తంభాలు కట్టి వాటికీ స్పీకర్లు పెడతారు. కరెంటు తీగలో పాట క్షణంలో అక్కడికి చేరిపోతుంది. అలాగే వదిలేస్తే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. కాబట్టి వేదిక నుంచి గాలిలో వచ్చే పాట చేరేదాకా ఆ స్పీకర్లను కావాలనే ఆపి, సరిగ్గా ఆ సమయానికి మోగిస్తారు. నాకు ఈ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను.

బయట మెట్రో స్టేషన్ వైపు నడుస్తుంటే మాత్రం పాట లేదు, దుబ్ దుబ్ అనే మోతే వినిపించింది. పెళ్లి ఊరేగింపు డీజే కూడా దూరం నుంచి అంతే కదా. కింది స్వరాల అలలు చాలా పొడుగ్గా ఉంటాయి. సెకనుకు 50 సార్లు కదిలే శబ్దమైతే ఒక్కో అల దాదాపు 7 మీటర్లు. అవి గోడలను చుట్టుకుని వచ్చేస్తాయి. పై స్వరాలు దారిలోనే ఆగిపోతాయి.

ఇక నా చెవుల సంగతి. నేను చాలా ఏళ్లు ఇక్కడి ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేశాను. పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. చుట్టూ దూదే కాబట్టి అదే చెవుల్లో పెట్టుకునేవాళ్లం. దూది మోతను దాదాపు ఆపదని మాకెవరూ చెప్పలేదు. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్‌మనేది, తెల్లారేసరికి తగ్గేది. తగ్గింది కదా, ఇంకేం ఫర్వాలేదు అనుకునేవాళ్లం.

మన ఒక్కో చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాలు సుమారు 15,000 ఉంటాయి. సన్నటి వెంట్రుకల్లాంటి మొనలుంటాయి వాటికి. మామూలు గాలికి వరిపైరు వంగి మళ్లీ లేస్తుంది చూడండి, అలా ఉంటాయవి. గాలివాన పదేపదే కొడితే పైరు పడిపోతుంది. పైరునైతే మళ్లీ నాటుకుంటాం. ఈ కణాలు పోతే మళ్లీ పుట్టవు. ముందు పోయేవి పై స్వరాలను పట్టేవి. అందుకే నాకు మీ "అ", "ఆ"లు బాగానే వినిపిస్తాయి, "స", "త", "క"లు జారిపోతాయి. బుజ్జీ, నువ్వు "సీత" అంటే నాకు "ఈ... అ" అనే అందుతుంది.

శబ్దానికి కొలత డెసిబెల్. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలుంటే చెవికి అదే హద్దు అంటారు. మోత మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. 100 దగ్గర పావుగంటే. ఇలాంటి కచేరీల్లో మోత ఆ 100 దరిదాపుల్లోనే ఉంటుంది, రెండు గంటలు సాగుతుంది. మీరే లెక్కేసుకోండి.

అందుకే మేమిద్దరం నురగతో చేసిన ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నాం. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. సరిగ్గా పెడితే సుమారు 20 డెసిబెల్స్ తగ్గుతాయి. పాట పోతుందని భయపడకండి. డ్రమ్ము గుండెల్లో మోగుతూనే ఉంది, మీ నానమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆ రాత్రి గదికి వచ్చాక చెవుల్లో గుయ్‌మనలేదు. "మంచినీళ్లు కావాలా?" అని ఆమె మెల్లగా అడిగితే మొదటిసారికే వినిపించింది.

వచ్చే నెల మీ మేనమామ పెళ్లిలో డీజే పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఈ కవర్లో రెండు జతలు పెట్టాను. చిన్నది చిన్నాకి. స్పీకర్ పక్కన కాకుండా నాలుగడుగులు వెనక్కి నిలబడి ఆడండి. పెట్టుకోవడం రాకపోతే అమ్మనడగండి, నానమ్మ తనకు ఫోన్లో చూపించింది.

మీ
తాతయ్య