వెలుగు ఒక్క రోజుది, నక్షత్రాలు కోట్ల ఏళ్లవి

శీతాకాలం రాత్రి విజయవాడ డాబా మీద చిన్న టెలిస్కోపుతో ఎం77 గెలాక్సీ కోసం వెతికితే వీధి దీపాల వెలుగే అడ్డం. గుంటూరు దాటి పొలాల్లోకి వెళితే మసక మచ్చలా దొరుకుతుంది. దాని నడుమ ఒక భారీ కృష్ణబిలం (కాంతిని కూడా బయటికి పోనివ్వని చోటు) వాయువును మింగుతోంది; లోపలికి పడే ఆ వాయువే వేడెక్కి వెలుగుతోంది. చుట్టూ ఉన్న వలయంలో కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు చాలా పాత కథ ఉంది.

1908లో అమెరికాలోని లిక్ వేధశాలలో ఎడ్వర్డ్ ఫాత్ ఈ ఎం77 వర్ణపటంలోనే (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) వింతైన కాంతి రేఖలు చూశాడు. 1943లో కార్ల్ సీఫర్ట్ ఇలాంటివి ఆరు గెలాక్సీలను వివరించాడు. 1963లో మార్టెన్ ష్మిట్ నక్షత్రంలా కనిపించే 3సీ 273 నిజానికి 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉందని తేల్చాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది అదే ఏడాది జరిగిన మరో పని. హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లైట్ హార్వర్డ్‌లో దాచి ఉంచిన పాత ఫొటో పలకలు తీసి చూస్తే, దశాబ్దాలుగా 3సీ 273 వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంది. నెలల్లో మారే వెలుగు కొన్ని కాంతి నెలలకు (కాంతి అన్ని నెలల్లో పోయే దూరానికి) మించిన వస్తువు నుంచి రాదు. అంత చిన్న చోటు నుంచి మొత్తం గెలాక్సీని మించిన కాంతి! 1964లో శాస్త్రవేత్తలు సాల్‌పీటర్, జెల్డోవిచ్ విడివిడిగా కృష్ణబిలం వైపు వేలు చూపారు.

1998లో సిల్క్, రీస్ అనే శాస్త్రవేత్తలు ఇంకో మాట అన్నారు: కృష్ణబిలం నుంచి ఎగసే గాలులు గెలాక్సీలోని వాయువును బయటికి నెట్టగలవు. వాయువు పోతే నక్షత్రాల పుట్టుక ఆగుతుంది. 2000లో కృష్ణబిలం బరువుకూ, గెలాక్సీ నడిమి ఉబ్బులోని నక్షత్రాల వేగాలకూ గట్టి పొంతన కనిపించింది. అయినా ఒక్కో గెలాక్సీని విడిగా కొలిస్తే, కేంద్రం వెలుగుకూ నక్షత్రాల పుట్టుకకూ లెక్క సరిగా కుదరదు.

వేసవిలో కాలువలు కట్టేశాక బెజవాడలో ఎండిన బందరు కాలువను చూసి, బందరు దాకా పండిన వరికి ఈ కాలువతో పని లేదంటే ఒప్పుకుంటామా? 2014లో హికాక్స్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పిందీ ఇలాంటిదే. నక్షత్రాల పుట్టుక 10 కోట్ల ఏళ్ల లెక్క. కేంద్రం వెలుగు అంతకంటే చాలా త్వరగా ఎగిసి పడిపోతుంది. మనకు దొరికేది ఒక్క రోజు కొలత.

దీనికి కళ్లెదుటి సాక్ష్యం 2007లోనే దొరికింది. నెదర్లాండ్స్ బడి టీచర్ హానీ వాన్ ఆర్కెల్ ఐసీ 2497 గెలాక్సీ పక్కన మెరిసే వాయు మేఘాన్ని గుర్తించింది. దాన్ని వెలిగించిన కేంద్రం ఇప్పుడు బాగా మసకబారింది. మేఘం మీద మాత్రం దాని పాత వెలుగు ఇంకా పడుతోంది.

2015లో మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతినీ, ఎక్స్ కిరణాలనూ ఒకేసారి చూడగలదు. పడుచు నక్షత్రాల జాడ మొదటిదానిలో, కేంద్రం మినుకుమినుకులు రెండోదానిలో బాగా తెలుస్తాయి.