చిన్నూ అడిగిన సెలైన్ బాటిల్ సంగతి

చిన్నూకి, చిట్టికి,

నిన్న వీడియో కాల్‌లో చిన్నూ అడిగిన ప్రశ్నకి జవాబు చెబుదామనుకునేలోపు సిగ్నల్ పోయింది. "రెండు రోజులు ఏమీ తినలేదు కదా అమ్మమ్మా, ఆ బాటిల్ పెట్టగానే లేచి కూర్చున్నాను. దాంట్లో అంత బలం ఏముంది?" అన్నావు. ముప్పై ఏళ్లు నర్సుగా అవే బాటిళ్లు తగిలించాను కాబట్టి ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. అందుకే కాగితం, కలం తీశాను.

ముందు ఆ బలం సంగతి చూద్దాం. మన వైపు కాస్త నీరసంగా ఉంటే చాలు, "ఒక గ్లూకోజ్ ఎక్కించండి సిస్టర్" అంటారు. వాళ్లు అడిగే బాటిల్ పేరు డెక్స్‌ట్రోజ్ 5 శాతం. అరలీటరు బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, అంటే ఐదారు చెంచాల పంచదార అనుకోండి. అది ఇచ్చే శక్తి వంద క్యాలరీలకు మించదు. రెండు ఇడ్లీలతో సమానం, చట్నీ లేకుండా! ఆ రెండు ఇడ్లీల కోసం సూది పోటు, బెడ్ ఛార్జీ, నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం. నోటితో తినగలిగే మనిషికి ఇది ఎందుకో నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అర్థం కాలేదు. నిజంగానే నోటితో ఏమీ తీసుకోలేని రోగులకు రోజుల తరబడి నరం ద్వారానే తిండి పెడతారు కానీ, దానికి గ్లూకోజ్‌తోపాటు ప్రోటీన్లు, కొవ్వులు కూడా కలిపిన వేరే సంచులు ఉంటాయి. అదంతా పెద్ద ఏర్పాటు.

అసలు తమాషా ఏమిటంటే, మీ అమ్మ పంపిన ఫొటోని జూమ్ చేసి చూశాను. నీకు పెట్టిన బాటిల్ మీద ఆర్‌ఎల్ అని ఉంది. రింగర్ లాక్టేట్ అన్నమాట. అందులో గ్లూకోజ్ అసలే ఉండదు. పంచదార చుక్క లేకుండానే లేచి కూర్చున్నావురా!

ఎలాగంటే, వాంతులు, విరేచనాలతో నీ ఒంట్లో నీళ్లు పోయాయి. వాటితోపాటు సోడియం, పొటాషియం లాంటి లవణాలూ పోయాయి. ఎండాకాలంలో సంపు అడుగంటితే మోటారు ఊరికే గుర్రుమంటుంది కానీ పై ట్యాంకులోకి నీళ్లెక్కవు కదా, నీ గుండె పరిస్థితీ అదే. దడదడా కొట్టుకుంటోంది కానీ తలకి రక్తం సరిగ్గా అందక కళ్లు తిరిగాయి. డాక్టరు నీ పొట్ట మీద చర్మాన్ని గిల్లి వదిలారని చెప్పావు. అది వెంటనే సర్దుకోకుండా ముడతపడి మెల్లగా దిగితే నీళ్లు బాగా తగ్గాయని గుర్తు. పోయిన నీళ్లు, ఉప్పు తిరిగి నిండాయి, నువ్వు లేచావు.

మరి ఉత్త నీళ్లు ఎక్కించకూడదా అని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. కూడదు. రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. చుట్టూ ఉత్త నీళ్లు చేరితే అవి ఆ నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. అందుకే నార్మల్ సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు వేస్తారు. ఆర్‌ఎల్‌లో ఇంకొంచెం పొటాషియం, కాల్షియం ఉంటాయి. ఆ కాల్షియం కథ సరదాగా ఉంటుంది. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెని ఉప్పు నీళ్లలో పెట్టి కొట్టుకునేలా చేశాడు. తర్వాత స్వచ్ఛమైన నీళ్లతో చేస్తే అది ఆగిపోయింది. తీరా చూస్తే మొదటిసారి సహాయకుడు కుళాయి నీళ్లు పోశాడు! ఆ నీళ్లలోని కాల్షియమే గుండెని ఆడించింది. లాక్టేట్‌ని 1930లలో అమెరికాలో హార్ట్‌మన్ అనే పిల్లల డాక్టరు చేర్చాడు. విరేచనాలతో రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, లాక్టేట్ ఒంట్లో మారి దాన్ని తగ్గిస్తుంది.

చిట్టీ, మీ నాన్న బాటిల్ పట్టుకుని చిన్నూని బాత్రూంకి తీసుకెళ్తూ చెయ్యి కిందికి దించాడట కదా, ట్యూబ్‌లోకి రక్తం ఎక్కేసరికి "సిస్టర్!" అని వార్డంతా వినబడేలా అరిచాడట. ఆ టెన్షన్ ప్రతి నాన్నకీ ఉండేదే. బాటిల్ చేతికంటే ఎత్తులో ఉంటేనే ద్రవం కిందికి దిగుతుంది. దించితే నరంలోని రక్తమే ఎదురొస్తుంది. మళ్లీ పైకెత్తితే సర్దుకుంటుంది. బాటిల్ కింద చిన్న గొట్టంలో టప్ టప్ మని పడే చుక్కల్ని నేను గడియారం చూస్తూ లెక్కపెట్టేదాన్ని. మామూలు ట్యూబ్ సెట్‌లో సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, అంటే అరలీటరుకి పది వేల చుక్కలు. పసిపిల్లల సెట్‌లో చుక్క చిన్నది, 60 పడితే ఒక మిల్లీలీటరు. ట్యూబ్ మీద చుక్కల వేగాన్ని మార్చే చక్రం కాస్త ఎక్కువ తిప్పేస్తే పసివాళ్లకి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అందుకే మీరు ఆ చక్రం ముట్టుకోబోతే సిస్టర్ కసిరింది. మంచి పని చేసింది.

బాటిల్ తీసేసి ఓఆర్‌ఎస్ తాగమన్నారని చిన్నూకి కోపం వచ్చిందట. దానికో పాత కథ చెబుతాను. 1832లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో కలరా వచ్చింది. థామస్ లాటా అనే డాక్టరు చావుకి దగ్గరైన ఒక ముసలామె నరంలోకి ఉప్పు నీళ్లు ఎక్కించాడు. అరగంటలో మూడు లీటర్లకు పైనే. ఆమె ముఖంలో కళ వచ్చింది, మాట్లాడింది. ఇక ఫరవాలేదని ఆయన వెళ్లిపోయాడు. విరేచనాలు మళ్లీ మొదలై కొన్ని గంటల్లోనే ఆమె చనిపోయింది. ఒకసారి నింపితే సరిపోదు, పోతున్నంతసేపూ పోస్తూనే ఉండాలి. నోటితో తాగగలిగితే ఆ పని ఓఆర్‌ఎస్ చేస్తుంది.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్‌కి లక్షల్లో వచ్చినప్పుడు కలరా విరుచుకుపడింది. సెలైన్ నిల్వలు అయిపోతున్నాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి తాగించాడు. అక్కడ వైద్యం అందుకున్నవాళ్లలో మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. పేగు గోడలో ఒక తలుపు ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే తెరుచుకుంటుంది, వెనకే నీళ్లూ వెళ్తాయి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఉన్నది ముఖ్యంగా ఆ తలుపు కోసమే. పంచదార ఎక్కువగా ఉండే కూల్‌డ్రింకులు తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం పోసుకుంటే లెక్క తప్పుతుంది. కలిపింది ఒక రోజు దాటితే పారబోయండి. వాంతి వస్తే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా పట్టాలి.

చిన్నూ, సూది ఇంకా చేతిలో ఉందేమోనని రాత్రంతా మోచెయ్యి వంచలేదట. సూదిని అప్పుడే లాగేస్తారు నాన్నా, లోపల ఉండేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. ప్లాస్టర్ జిగురు పోవట్లేదని మీ అమ్మ అంది. గాయం మీద పడకుండా కొబ్బరినూనె రాసి, పావుగంట ఆగి తుడిస్తే వచ్చేస్తుంది.

మీ అమ్మమ్మ