గీతలు నిండుగా ఉన్నా కాల్ ఎందుకు కలవదు? సరిహద్దు ఊళ్లలో స్వదేశీ 4జీ

2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి స్వదేశీ 4జీ నెట్‌వర్క్‌ను ప్రారంభించారు. దేశమంతటా 97,500కు పైగా టవర్లు, దాదాపు 37,000 కోట్ల రూపాయల ఖర్చు. రేడియో పరికరాలు బెంగళూరుకు చెందిన తేజస్ నెట్‌వర్క్స్‌వి. కాల్స్‌నీ డేటానీ నడిపే కోర్ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ సంస్థ సీ-డాట్‌ది. వీటన్నింటినీ కూర్చి నిలబెట్టింది టీసీఎస్, వాడుకుంటున్నది బీఎస్ఎన్ఎల్. ప్రపంచంలో ఈ సరుకు పెద్దఎత్తున అమ్మే కంపెనీలు ఐదే: హువావే, ఎరిక్సన్, నోకియా, జెడ్‌టీఈ, శాంసంగ్. వాటి సరసన మన సరుకు నిలుస్తుందా లేదా అన్నది నగరాల్లో తేలే విషయం కాదు. తెలుగు రాష్ట్రాల సరిహద్దు దగ్గర మహారాష్ట్రలోని సిరోంచా, అంకీసా, ఒడిశాలోని మోటు, గుణుపురం లాంటి చోట్ల తేలాలి. అడవి, ముసురు, కరెంటు కోత, విసిరేసినట్టుండే పల్లెలు, నెలకు వంద రెండొందలు మించి రీచార్జ్ చేయలేని జనం. రేపు ఆఫ్రికాలోనో ఆగ్నేయాసియాలోనో మన పరికరాలు కొనేవాళ్ల ఊళ్లూ ఇలాంటివే.

ముందుగా ఫోన్ సంగతి. టవర్ మీది రేడియో ఒక్కో యాంటెనా దారిలో 40 వాట్ల దాకా పంపగలదు. చేతిలోని ఫోన్ పంపేది గరిష్ఠంగా 0.2 వాట్. రెండింటికీ 200 రెట్ల తేడా. తెర మీది గీతలు చెప్పేది టవర్ సిగ్నల్ మన ఫోన్‌కు ఎంత బాగా అందుతోందో మాత్రమే. మన ఫోన్ సిగ్నల్ టవర్‌కు అందుతోందా అన్నది ఆ గీతలు చెప్పవు. అందుకే టేకు అడవి అంచున మూడు గీతలున్నా కాల్ కలవదు. కలిసినా అవతలివాళ్లు "హలో, హలో" అంటూనే ఉంటారు, వాళ్ల మాట మాత్రం మనకు స్పష్టంగా వినిపిస్తుంది. నెట్‌వర్క్‌ను ప్లాన్ చేసేవాళ్లు ఫోన్ నుంచి టవర్‌కు పోయే దారిని లెక్కగట్టాలి. దాన్ని వదిలేసి గీసిన కవరేజ్ మ్యాపును నమ్మలేం.

ఈ లోటును కొంత పూడ్చేది తక్కువ ఫ్రీక్వెన్సీ. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు, 2100 మెగాహెర్ట్జ్‌ది 14. ఒకే తరహా యాంటెనాలతో, ఒకే దూరంలో, అడ్డేమీ లేని చోట 700లో అందే శక్తి 9 రెట్లు ఎక్కువ. తడిసిన ఆకుల మధ్య ఈ తేడా ఇంకా పెరుగుతుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి ఈ రెండు బ్యాండ్లూ ఉన్నాయి. కొత్త ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో బ్యాండ్ 28 ఉందో లేదో చూడండి. అది లేని ఫోన్‌కు 700 సిగ్నల్ ఉన్నా లేనట్టే. సెట్టింగ్స్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే మాట పంపే పద్ధతి, ఆన్ చేసి ఉండాలి. అది లేకపోతే మాట కోసం ఫోన్ 2జీని వెతుక్కుంటుంది, 2జీ లేని టవర్ కింద నెట్ నడుస్తుంది కానీ కాల్ పోదు. "టవర్ ఉంది, ఫోన్ కలుస్తలేదు" అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సినవి ఈ రెండే.

ఈ ఫోన్-టవర్ దూరం విషయంలో మన దేశం ప్రపంచ ప్రమాణాల్లోకే ఒక మాట ఎక్కించింది. 5జీ కోసం అంతర్జాతీయ టెలికాం యూనియన్ పెట్టిన గ్రామీణ పరీక్షల్లో టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లుగా ఉండేది. మన ఊళ్లకు అది చాలదని, 6 కిలోమీటర్ల దూరంతోనూ పరీక్ష ఉండాలని భారత్ పట్టుబట్టి సాధించింది. దాన్ని అందుకునేందుకు ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ వంటి సంస్థలు ఫోన్ పంపే తరంగంలో ఎత్తుపల్లాలను తగ్గించే పద్ధతిని ముందుకు తెచ్చాయి. ఎత్తుపల్లాలు తగ్గితే ఫోన్‌లోని యాంప్లిఫయర్ తన పూర్తి శక్తికి దగ్గరగా పనిచేయగలదు. 5జీఐ అనే పేరుతో ఇది విడి ప్రమాణంగా గుర్తింపు పొందింది. అయితే ఒక్క దేశం కోసం వేరే చిప్పులు ఎవరు చేస్తారు? చివరికి దాన్ని ప్రపంచమంతా వాడే 3జీపీపీ ప్రమాణంలో కలిపేశారు. అదే మంచిదైంది. విడిగా మిగిలిపోయిన ప్రమాణం ఎగుమతికి పనికిరాదు.

ఇక కరెంటు. నా దృష్టిలో సరిహద్దు టవర్లను ఎక్కువగా పడుకోబెట్టేది ఇదే. ఒక టవర్ సైటు 2 కిలోవాట్లు లాగుతుందనుకుందాం. 48 వోల్టుల దగ్గర అది దాదాపు 42 ఆంపియర్లు. 600 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీల బ్యాంకులో 80 శాతం వాడుకుంటే 11 గంటలు రావాలి. అది కొత్త బ్యాటరీకి, కాగితం మీద. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో రేకుల షెల్టర్ లోపలి వేడిని గుర్తుంచుకోండి. పైగా ఖాళీ అయిన బ్యాంకు నిండాలంటే 60 ఆంపియర్ల చొప్పున ఎక్కించినా తొమ్మిది పది గంటలు పడుతుంది. కరెంటు ఉండేది నాలుగు గంటలే అయితే బ్యాటరీ ఏనాడూ నిండదు. సగం ఖాళీగా ఉండి ఉండి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఏడాది తిరక్కముందే 11 గంటలు కాస్తా రెండు మూడు గంటలవుతాయి. అప్పుడు భారమంతా డీజిల్ మీద పడుతుంది, వాగు పొంగితే డీజిల్ బండి రాదు. లిథియం బ్యాటరీలు, సోలార్ పలకలు, తక్కువ కరెంటు తాగే రేడియో: ఈ మూడింటి మీద పెట్టే రూపాయి మెగాబిట్ల వేగం మీద పెట్టే రూపాయికన్నా ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది.

టవర్ నుంచి బయటికి పోయే లైను మరో చిక్కు. ఫైబర్ ఒకే దారిలో వస్తుంటే రోడ్డు పని జేసీబీ ఒక్కసారి తగిలినా వరసగా టవర్లన్నీ పోతాయి. రెండు వైపుల నుంచీ రింగ్‌గా వేస్తేనే నిలుస్తుంది. ఒడిశాలోని మల్కన్‌గిరి కొండల్లాంటి చోట్ల ఫైబర్ చేరకపోతే ఉపగ్రహమే దిక్కు. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర సెకను పడుతుంది. మాటకు సర్దుకోవచ్చు, ఆన్‌లైన్ పరీక్షకు కష్టం.

మన పరిశ్రమకు ఇలాంటి నేల కొత్త కాదు. 1984లో మొదలైన సీ-డాట్ తొలి రోజుల్లో చేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్‌ఛేంజ్ ఏసీ గది లేకుండానే పనిచేసేది, అందుకే అది పల్లెల్లో నిలిచింది. ఇప్పటి లోట్లు వేరు. రేడియోలోని కీలకమైన చిప్పులు ఇంకా బయటి దేశాలవే. ప్రమాణాలకు అవసరమైన పేటెంట్లలో పెద్ద వాటా పాత కంపెనీలదే. 2021లో ప్రకటించిన 12,195 కోట్ల ప్రోత్సాహక పథకం ఫ్యాక్టరీలకు ఊతమిచ్చింది, చిప్ డిజైన్‌కు అంతకన్నా ఓపికైన డబ్బు కావాలి. 2030 నాటి 6జీ కోసం ఇప్పటినుంచే ప్రమాణాల కమిటీల్లో కూర్చోవడం అందుకే ముఖ్యం.

విదేశీ కొనుగోలుదారు మొదట అడిగేది టవర్ ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేసిందని. 99 శాతం అంటే వినడానికి బాగుంటుంది, లెక్కేస్తే ఏడాదికి 87 గంటలకు పైగా మూగబోయినట్టు. 99.9 శాతం అంటే తొమ్మిది గంటలకు లోపు. సిరోంచా, గుణుపురం, మల్కన్‌గిరి జిల్లాలోని కలిమెల టవర్ల లెక్కలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా విడిగా తీసి, ఏ కారణంతో ఎన్ని గంటలు పోయాయో బయటపెట్టాలి. కరెంటు, ఫైబర్, రేడియో, సాఫ్ట్‌వేర్ అని నాలుగు పద్దులుగా రాస్తే చాలు.